ప్రతి పాటకీ మొదటి నుంచి మిక్సింగ్ ఎందుకు? మీ సొంత ఎఫెక్ట్ చెయిన్ ఇలా కట్టుకోండి

"అన్నా, మీ వోకల్ ప్రీసెట్ ఒకసారి పంపవా?"

దసరా దగ్గర పడితే చాలు, నా వాట్సాప్ నిండా ఇదే. విజయనగరంలో సిరిమానోత్సవానికి ముందు పైడితల్లమ్మ పాటలు, శ్రీకాకుళంలో రథసప్తమికి ముందు అరసవల్లి సూర్యనారాయణస్వామి పాటలు, మధ్యలో సంక్రాంతికి జానపదాలు. ఇంట్లోనే మైకు పెట్టుకుని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్ళు మన రెండు జిల్లాల్లో ఊరికి ఒకరైనా ఉన్నారు. రికార్డింగ్ ఒక గంటలో అయిపోతుంది, మిక్సింగ్ దగ్గర మాత్రం మూడు రాత్రులు పోతాయి.

ప్రీసెట్ అంటే ఎఫెక్టుల నాబ్‌లు ఎక్కడ పెట్టుకున్నానో దాచిన ఫైలు. మొదట్లో అడిగిన ప్రతివాళ్ళకీ నా ఫైలు పంపేసేవాణ్ణి. రెండు రోజులకి ఫోను: "అన్నా, మీ దగ్గర బాగుంది. నా పాటకి వేస్తే గొంతు నొక్కేసినట్టుంది." వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. ఆ ప్రీసెట్ నా మైకుకి, నా గదికి, నేను పెట్టుకునే లెవెల్‌కి కట్టింది. అందుకే ఇప్పుడు ఫైలు పంపడం మానేసి, మీది మీరే ఎలా కట్టుకోవాలో చెబుతున్నాను. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఆ తర్వాత కొత్త పాట వచ్చినప్పుడు ముప్పావు వంతు పని చెయిన్ వెయ్యగానే అయిపోతుంది, మిగిలిన పావు వంతుకే మీ చెవులు కావాలి.

ఎఫెక్ట్ చెయిన్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఈక్యూ (లావు, సన్న శబ్దాల్లో ఏది పెంచాలో, ఏది తగ్గించాలో చూసేది), కంప్రెసర్ (మరీ గట్టిగా వచ్చిన చోట శబ్దాన్ని నొక్కేది) లాంటి ఎఫెక్టుల్ని ఒక వరసలో పెట్టి, వాటి నాబ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ కలిపి ఒకే ఫైలుగా దాచుకోవడం. పోపుల డబ్బా అనుకోండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు అన్నీ చేతికందేలా ఉంటాయి. ఎంత వెయ్యాలో మాత్రం పొయ్యి మీదున్న కూరని బట్టే.

కావలసినవి

కంప్యూటర్: 8 జీబీ ర్యామ్ ఉంటే హాయి. 4 జీబీ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా నడుస్తుంది, రివర్బ్ (గొంతుకి గుడి, హాలు మోత తెచ్చే ఎఫెక్టు) విషయంలో 7వ మెట్టులో చెప్పినట్టు చేస్తే.

సాఫ్ట్‌వేర్: నేను రీపర్ వాడతాను, మెట్లన్నీ దాని ప్రకారమే చెబుతాను. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత సొంతానికి, చిన్న వ్యాపారానికి లైసెన్స్ 60 డాలర్లు. ఎఫ్‌ఎల్ స్టూడియో వాడేవాళ్ళు మిక్సర్ ట్రాక్ స్టేట్‌ని సేవ్ చేసుకోవచ్చు, క్యూబేస్‌లో ఎఫ్‌ఎక్స్ చెయిన్ ప్రీసెట్ అని ఉంటుంది. పేర్లు వేరైనా పని ఒకటే.

ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో వేసుకునే ఎఫెక్టులు): రీపర్‌తో వచ్చే రీఈక్యూ, రీకాంప్ (కంప్రెసర్), రీవర్బేట్ (రివర్బ్), రీడిలే చాలు. అదనంగా టీడీఆర్ నోవా, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ దించుకోండి, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. క్రాక్ ప్లగిన్లతో మాత్రం చెయిన్ కట్టకండి. నీతులు చెప్పడం కాదు, కంప్యూటర్ ఫార్మాట్ చేసిన రోజున ఆ ప్లగిన్ మళ్ళీ ఎక్కదు, ఏడాదిగా కట్టుకున్న చెయిన్లన్నీ ఖాళీ పెట్టెలు అయిపోతాయి. నాకు ఒకసారి అయింది.

వైరున్న హెడ్‌ఫోన్: బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, పైగా నాణ్యత తగ్గించి పంపుతుంది.

ఒక నోటు పుస్తకం: నిజంగానే కావాలి. ఏ గొంతుకి ఏ నాబ్ ఎంత తిప్పారో రాసుకోవడానికి.

1. మూడు గొంతుల నమూనాలు సిద్ధం చేసుకోండి

ఒక్క పాట మీద చెయిన్ కడితే అది ఆ పాటకే పనికొస్తుంది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, ఒక గట్టి జానపద గొంతు, ఈ మూడు రకాలూ ఒక్కో నిమిషం చొప్పున తీసుకోండి. ఎఫెక్టులేమీ లేని పచ్చి రికార్డింగ్ అయి ఉండాలి. అందులో మెల్లగా పాడిన చరణం, గట్టిగా ఎత్తుకున్న పల్లవి రెండూ ఉండాలి. ఎవరూ పాడకుండా గది మాత్రమే వినిపించే పది సెకన్లు కూడా ఉంచండి. ఫ్యాను, వీధిలో ఆటో, పక్కింటి మిక్సీ ఏ పాటి వినిపిస్తున్నాయో అక్కడే తెలుస్తుంది.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో చెయ్యండి, తర్వాత వీడియోకి జతచేసేటప్పుడు ఇబ్బంది ఉండదు. గాయకుడికి వినిపించడానికి కాస్త ఎకో వేసినా ఫర్వాలేదు గానీ, అది ఫైల్లోకి ఎక్కకూడదు. ఒకసారి ఎక్కిన ఎకోని మళ్ళీ శుభ్రంగా తీయడం చాలా కష్టం.

2. ముందు లెవెల్

ఈ మెట్టు దాటేసి మిగతావన్నీ ఎంత బాగా చేసినా దండగ. కంప్రెసర్ పనంతా థ్రెషోల్డ్ అనే ఒక గీత మీద ఆధారపడి ఉంటుంది. శబ్దం ఆ గీత దాటితేనే నొక్కుతుంది. ప్రీసెట్‌లో గీత ఎక్కడుందో సేవ్ అవుతుంది, కానీ లోపలికి వచ్చే గొంతు ఎంత ఎత్తులో వస్తుందో సేవ్ అవ్వదు. గొంతు మరీ కిందుంటే కంప్రెసర్ అసలు కదలదు. మరీ పైనుంటే పీక పట్టుకుంటుంది.

నా సంగతే చెబుతాను. రెండేళ్ళ కిందట చీపురుపల్లి వైపు ఊరి నుంచి తప్పెటగుళ్ళ (గుండెకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడి పాడే జానపద కళ) గురువు ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, మైకు అక్కర్లేని గొంతు. మీటరు మైనస్ 3 డీబీ దాకా కొట్టింది (డీబీ అంటే శబ్దం ఎత్తు కొలత, మీటరులో సున్నా పై హద్దు). నేను చూసుకోలేదు. రోజూ వేసే మగ గొంతు చెయినే వేసేసి, హెడ్‌ఫోన్ ఆయన చేతికిచ్చాను. పల్లవి పూర్తికాకుండానే తీసేశాడు.

"ఏటి బాబూ ఇది? నాను బిందెలో తలెట్టి పాడినట్టుంది."

చూస్తే కంప్రెసర్ ముల్లు 15 డీబీ దాకా పడిపోయి ఉంది, అంటే గొంతుని అంతగా నొక్కేస్తోంది. చెయిన్‌లో మొదటి పెట్టెలో లెవెల్ 9 డీబీ తగ్గించాను. ఇంకేమీ ముట్టుకోలేదు. మళ్ళీ విని, "ఆఁ, ఇది నా గొంతే" అన్నాడు.

కాబట్టి చెయిన్‌లో మొట్టమొదటి పెట్టెగా రీపర్‌తో వచ్చే 'వాల్యూమ్ అడ్జస్ట్‌మెంట్' పెట్టండి. నా లెక్క: మామూలుగా పాడిన చోట మీటరు మైనస్ 18 చుట్టూ ఆడాలి, బాగా గట్టిగా ఎత్తుకున్న చోట మైనస్ 10 దాటకూడదు. మీరు వేరే అంకె పెట్టుకున్నా సరే, అన్ని పాటలకీ అదే ఉండాలి. దాన్ని నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

జాగ్రత్త: ఇది ట్రాక్ ఫేడర్‌తో చేసే పని కాదు. ఫేడర్ ఎఫెక్టుల తర్వాత వస్తుంది. దాన్ని ఎంత దించినా కంప్రెసర్‌లోకి వెళ్ళే గొంతు మారదు. నన్ను అడిగేవాళ్ళలో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

3. చెత్త తీసే ఈక్యూ

రెండో పెట్టె రీఈక్యూ. మొదటి బ్యాండ్‌ని (ఈక్యూలో ఒక్కో ముక్క) హై పాస్‌గా, అంటే కింది లావు శబ్దాన్ని కోసేసే రకంగా మార్చండి. మగ గొంతుకి 80 హెర్ట్జ్, ఆడ గొంతుకి 100 నుంచి 120 మధ్య. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్ళలో వచ్చే 'ఝుమ్' శబ్దం అక్కడా, 100 హెర్ట్జ్ దగ్గరా కూర్చుంటుంది. హై పాస్‌తో 50 చాలావరకు తగ్గుతుంది, 100 దగ్గరిది మిగులుతుంది. అక్కడ ఒక సన్నటి కోత పెట్టి, అవసరం లేనప్పుడు ఆపి ఉంచుకోండి. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలాసార్లు ఈ గోల అసలు ఉండదు.

తర్వాత 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య. పడగ్గదిలో రికార్డు చేసిన గొంతులో 'డబ్బా' మోత ఇక్కడే ఉంటుంది. రెండు మూడు డీబీ తగ్గించండి, అంతకు మించొద్దు. ఈక్యూని పైకెత్తి అటూ ఇటూ జరుపుతూ చెడ్డ చోటు వెతకడం అందరూ నేర్పే పద్ధతే. కానీ 10 డీబీ పెంచి వింటే ఏ చోటైనా చెడ్డగానే వినిపిస్తుంది. ముందు పెంచకుండా విని, ఏదో బాగాలేదు అనిపిస్తేనే వెతకండి.

నాయిస్ గేట్ (గొంతు తగ్గగానే శబ్దాన్ని మూసేసే ఎఫెక్టు) పెట్టాలా అని అడుగుతుంటారు. వద్దనే అంటాను. తెలుగు మాట చివర అచ్చుతో మెల్లగా ఆగుతుంది. గేట్ ఆ తోకని కోసేస్తే 'అమ్మా' కాస్తా 'అమ్మ్' అయిపోతుంది. గొంతు లేని చోట్ల ఆడియో ముక్కల్ని చేత్తో కత్తిరించుకోవడమే నయం. పది నిమిషాల పని.

4. కంప్రెసర్

మూడో పెట్టె రీకాంప్. ఈ అంకెలతో మొదలుపెట్టండి: రేషియో (ఎంత గట్టిగా నొక్కాలో) 3, అటాక్ (ఎంత త్వరగా నొక్కాలో) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఎంతసేపటికి వదలాలో) 100 మిల్లీసెకన్లు, 'నీ' అనే నాబ్ (నొక్కడం ఎంత మెత్తగా మొదలవ్వాలో) 6 డీబీ. 'ఆటో మేకప్' టిక్కు ఉంటే తీసేయండి. అది లెవెల్‌ని తనంతట తానే పెంచేస్తుంది, పెద్దగా వినిపించేసరికి బాగున్నట్టు భ్రమ పడతాం.

ఇప్పుడు గట్టిగా పాడిన పల్లవి తిప్పి తిప్పి వేస్తూ థ్రెషోల్డ్‌ని దించండి. గొంతు ఎత్తుకున్న చోట 4 నుంచి 6 డీబీ తగ్గాలి, మెల్లగా పాడిన చోట ముల్లు దాదాపు కదలకూడదు. అక్కడ ఆపండి. చివరగా వెట్ స్లైడర్‌ని (ఎఫెక్టు పడిన శబ్దం ఎత్తు) కొద్దిగా పెంచి, ప్లగిన్ ఆపినా వేసినా గొంతు ఒకే ఎత్తులో వినిపించేలా సరిచెయ్యండి.

అటాక్ మరీ తక్కువ, ఒక మిల్లీసెకను అలా పెడితే క, ట, ప లాంటి అక్షరాల మొదటి దెబ్బ పోతుంది. పాట మెత్తగా, నిద్రమత్తుగా తయారవుతుంది. జానపదానికి ఆ దెబ్బే ప్రాణం.

శాస్త్రీయం పాడేవాళ్ళకి ఇది వేరే ఫైలుగా దాచుకోండి. మా విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది, అక్కడ నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు కీర్తన రికార్డింగ్‌కి వస్తుంటారు. వాళ్ళకి రేషియో 2, తగ్గింపు 2 లేక 3 డీబీ మించనివ్వను. గమకంలో ఎత్తు పల్లాలు వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకున్నవి, కంప్రెసర్ వాటిని చదును చేసేస్తుంది.

5. స, శ, ష, చ

నాలుగో పెట్టె డీఎస్సర్, అంటే గుచ్చుకునే 'స' శబ్దాన్ని తగ్గించేది. దీనికి టీడీఆర్ నోవాలో ఒక బ్యాండ్ చాలు: 6 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి, ఆ బ్యాండ్‌కి థ్రెషోల్డ్ ఆన్ చెయ్యండి. 'శ్రీశైలవాసా', 'సిరిసంపద' లాంటి మాటలొచ్చినప్పుడే కదలాలి, 3 నుంచి 5 డీబీ. అతిగా వేస్తే గాయకుడికి నత్తి వచ్చినట్టుంటుంది. సవరించేటప్పుడు కళ్ళు మూసుకుని వినండి, తెర మీద గీతలు మోసం చేస్తాయి.

మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తప్పెటగుళ్ళు ఆడుతూ పాడేవాళ్ళ కాళ్ళకి గజ్జెలుంటాయి. ఒకే మైకులో అంతా రికార్డు చేస్తే గజ్జెల చప్పుడు కూడా ఈ ఎత్తులోనే పడుతుంది. డీఎస్సర్ దాన్ని 'స' అనుకుని అడుగు పడినప్పుడల్లా గొంతులోని ఆ పై భాగాన్నీ కిందికి తొక్కుతుంది. పాట ఊపిరాడనట్టు పైకీ కిందికీ ఊగుతుంది. ఇలాంటి రికార్డింగ్‌లో డీఎస్సర్ ఆపేయండి. మరీ గుచ్చుకుంటున్న 'స'లుంటే ఆ అక్షరాల దగ్గర మాత్రం వాల్యూమ్ చేత్తో తగ్గించండి.

6. కాస్త మెరుపు

ఐదో పెట్టె ఇంకో రీఈక్యూ. 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు డీబీ పెంచితే మాట స్పష్టంగా ముందుకొస్తుంది. 10 కిలోహెర్ట్జ్ పైన ఒక షెల్ఫ్‌తో (ఆ పైనున్నదంతా కలిపి ఎత్తే బ్యాండ్) ఒక డీబీ. చవక కండెన్సర్ మైకులు అసలే షార్ప్‌గా ఉంటాయి, వాటికి ఈ రెండోది అక్కర్లేదు.

7. ఎకో చెయిన్‌లో పెట్టకండి, పక్క ట్రాక్‌లో పెట్టండి

మన దగ్గర రివర్బ్ అన్నా డిలే (అదే మాట కాసేపటికి మళ్ళీ వినిపించేది) అన్నా అందరూ 'ఎకో' అనే అంటారు. "ఎకో కొంచెం ఎక్కువెయ్యి బాబూ" అనని భక్తి పాటల గాయకుడు నాకింకా తగల్లేదు.

ఎకోని గొంతు చెయిన్‌లోనే కలిపేస్తే రెండు చిక్కులు. కోరస్‌కి నలుగురు పాడితే నాలుగు రివర్బులు నడిచి పాత ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. రెండోది, నలుగురూ నాలుగు వేర్వేరు గదుల్లో పాడినట్టుంటుంది. అందుకని విడిగా ఒక ట్రాక్ తెరిచి, దానికి 'గుడి' అనో 'హాలు' అనో పేరు పెట్టి, గొంతు ట్రాక్‌ల నుంచి దానికి సెండ్ (గొంతు నకలుని ఆ ట్రాక్‌కి పంపడం) ఇవ్వండి.

ఆ ట్రాక్‌లో ముందు రీఈక్యూతో 300 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. తర్వాత రీవర్బేట్. ఇనిషియల్ డిలే 30 మిల్లీసెకన్లు పెడితే మాట ముందు వచ్చి ఎకో వెనకాల వస్తుంది. డ్రై స్లైడర్‌ని పూర్తిగా కిందికి లాగండి, వెట్ మాత్రమే ఉండాలి. డ్రై అలాగే వదిలేస్తే పచ్చి గొంతు రెండోసారి కూడా వచ్చి చేరుతుంది. సెండ్ పెంచినకొద్దీ ఎకో పెరగడం మాని గొంతే పెద్దదవుతుంటే తప్పు ఇక్కడుందని అర్థం.

డిలేకి ఇంకో ట్రాక్. పాట వేగాన్ని బట్టి కాలం లెక్కకట్టాలి: 60,000ని బీపీఎంతో (నిమిషానికి పడే తాళం దెబ్బలు) భాగించండి. 96 బీపీఎం పాటకి 625 మిల్లీసెకన్లు, సగం కావాలంటే 312.5. పాట వేగం ప్రాజెక్టులో సరిగ్గా ఇచ్చి ఉంటే రీడిలే దానంతట అదే లెక్క చూసుకుంటుంది, కాలాన్ని అంకెల్లో కాకుండా తాళం ముక్కల్లో ఇవ్వండి. జానపదానికి డిలే సాధారణంగా నేను వెయ్యను.

8. సేవ్ చెయ్యడం, పేరు పెట్టడం

ఎఫ్‌ఎక్స్ (ఎఫెక్టుల) విండోలో ప్లగిన్ల జాబితా మీద రైట్ క్లిక్ చేస్తే 'సేవ్ ఎఫ్‌ఎక్స్ చెయిన్' దొరుకుతుంది. ఏదో ఒక ప్లగిన్ కాకుండా మొత్తం చెయిన్ సేవ్ అవుతోందో లేదో చూసుకోండి. ఇక మీదట ఎఫ్‌ఎక్స్ బ్రౌజర్‌లో 'ఎఫ్‌ఎక్స్ చెయిన్స్' కింద కనబడుతుంది. గొంతు ట్రాక్, ఎకో ట్రాక్‌లు, వాటి మధ్య సెండ్‌లు అన్నీ కలిపి కావాలంటే ఆ ట్రాక్‌లన్నీ సెలెక్ట్ చేసి ట్రాక్ టెంప్లేట్‌గా సేవ్ చెయ్యండి. ఇదే ఎక్కువ ఉపయోగం.

'ఫైనల్', 'ఫైనల్ కొత్త', 'ఫైనల్ కొత్త 2' లాంటి పేర్లు పెట్టకండి. గొంతు రకం, మైకు పేరు, మీ లెవెల్ అంకె, ఈ మూడూ పేరులో ఉండాలి. ఆరు నెలల తర్వాత తెరిచినా తెలియాలి.

ఆప్షన్స్ మెనూలో రీపర్ రిసోర్స్ పాత్ తెరిస్తే ఎఫ్‌ఎక్స్‌చెయిన్స్, ట్రాక్‌టెంప్లేట్స్ అనే ఫోల్డర్లుంటాయి. రెండూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి.

9. కొత్త పాట వచ్చినప్పుడు

టెంప్లేట్ తెరవండి, గొంతు అందులో వెయ్యండి. మొదటి పెట్టెలో లెవెల్ సరిచెయ్యండి. పల్లవి వేసి కంప్రెసర్ ముల్లు ఎంత పడుతోందో చూసి థ్రెషోల్డ్ కాస్త అటూ ఇటూ. 'స' వచ్చే మాట ఒకటి విని డీఎస్సర్. చివరికి ఎకో సెండ్. ముట్టుకోవాల్సినవి ఈ నాలుగే. ఐదో నాబ్ మీదకి చెయ్యి వెళ్తోందంటే మీ చెయిన్ ఆ గొంతుకి సరిపోలేదు, లేదా రికార్డింగ్‌లోనే లోపం ఉంది. ఎక్కువగా రెండోదే.

డప్పుకీ జముకుకీ గొంతు చెయిన్ వెయ్యొద్దు

డప్పు బలం చాలావరకు కింది లావు శబ్దాల్లో ఉంటుంది. గొంతు చెయిన్‌లో హై పాస్ ఆ బలాన్ని కొంత తినేస్తుంది. డప్పుకి హై పాస్ 40 దగ్గర, కంప్రెసర్ అటాక్ 25 నుంచి 30 మిల్లీసెకన్లు, లేకపోతే కర్ర దెబ్బ మెత్తబడిపోతుంది. ఎకో చాలా తక్కువ.

జముకు అంటే తీగ మీటి వాయించే జానపద వాయిద్యం, దాని సంగతి ఇంకా వేరు. తీగ బిగించినకొద్దీ నాదం పైకి జారుతుంది. ఒక స్థిరమైన చోట ఈక్యూ పెంచితే ఆ చోట మాత్రమే మోగి, మిగతాది మాయమవుతుంది. నేను ఈక్యూ దాదాపు వెయ్యకుండా కంప్రెసర్ మాత్రమే వాడతాను. వీణకైతే అటాక్ నెమ్మదిగా ఉంచి, మీటు శబ్దాన్ని రానివ్వండి.

తరచూ చూసే తప్పులు

వేరేవాళ్ళ చెయిన్ దించుకుని, దాని మీద ఇంకో చెయిన్ వెయ్యడం. రెండు కంప్రెసర్లు, రెండు డీఎస్సర్లు కలిసి గొంతుని పిప్పి చేస్తాయి. ఒకటి వేస్తే రెండోది తీసెయ్యాలి.

చెయిన్ ఆన్‌లో ఉంచి రికార్డు చెయ్యడం. ప్లగిన్లలో కొన్ని ఆలస్యం తెస్తాయి, గాయకుడికి తన గొంతు వెనకబడి వినిపించి తాళం తప్పుతాడు. మీరేమో ఆయన్ని విసుక్కుంటారు. రికార్డింగ్ అప్పుడు బైపాస్ చెయ్యండి.

శబ్దం పెద్దగా ఉంటేనే బాగున్నట్టు అనుకోవడం. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత) కన్నా పెద్దగా ఉన్న పాటని తానే తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నదాన్ని మామూలుగా పెంచదు. లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వని ఎఫెక్టు) మైనస్ 7 దాకా చితక్కొట్టి పంపినా వాళ్ళు దించేస్తారు, మిగిలేది చితికిన పాటే. యూలీన్ మీటర్ మాస్టర్‌లో పెట్టి మైనస్ 14 దరిదాపుల్లో, ట్రూ పీక్ (పాటలో అన్నిటికన్నా ఎత్తైన చోటు) మైనస్ 1 దాటకుండా చూసుకోండి.

ఫోన్‌లోనే చేసేవాళ్ళకి

బ్యాండ్‌ల్యాబ్‌లో వోకల్ ప్రీసెట్లు ఉంటాయి. ఒకటి ఎంచుకుని తెరిస్తే లోపల ఎఫెక్టులు కనబడతాయి. ముందు అందులో రివర్బ్ సగానికి తగ్గించండి, ఫోన్ రికార్డింగ్‌లో గది మోత అసలే ఉంటుంది. మార్చినదాన్ని మీ పేరుతో దాచుకోండి. లెవెల్ నియమం ఇక్కడా అంతే: ఫోను నోటికి జానెడు దూరంలో, ప్రతిసారీ అదే దూరంలో.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

చెయిన్ మొత్తం ఆపి, వేసి, రెండూ ఒకే ఎత్తులో పోల్చండి. ఎఫెక్టులు వేసినప్పుడు 'పెద్దగా' కాకుండా 'స్పష్టంగా' అనిపించాలి. తర్వాత మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ నొక్కండి. గొంతు గానీ కోరస్ గానీ మాయమైతే స్టీరియో వైడ్ చేసే ఎఫెక్టు ఏదో ఉన్నట్టే, తీసెయ్యండి.

మన పాటలు సగం మోగేది గుడి మైకు సెట్టు హారన్లలో. అది ఇంట్లోనే వినాలంటే రీపర్‌లో మానిటరింగ్ ఎఫ్‌ఎక్స్ తెరిచి, ఒక రీఈక్యూ వేసి 400 హెర్ట్జ్ కింద, 5 కిలోహెర్ట్జ్ పైన అంతా కోసేయండి. అచ్చం ఊరి హారన్‌లాగే ఉంటుంది. మానిటరింగ్ ఎఫ్‌ఎక్స్‌లో వేసింది రెండర్ చేసిన ఫైల్లోకి వెళ్ళదు కాబట్టి మర్చిపోయినా పాట పాడవదు. అయినా పని కాగానే ఆపేయండి, మర్నాడు పొద్దున్న కంగారు పడకుండా.

ఆఖరి పరీక్ష కాగితంతో. పాట ఎప్పుడూ వినని మనిషికి ఫోన్ స్పీకర్‌లో ఒక్కసారి వినిపించి, పల్లవి రాయమనండి. మొన్న ఒక అమ్మవారి పాటకి మా ఎదురింటి అమ్మాయి చేత రాయించాను. 'కోటలోన' అని పాడినదాన్ని 'తోటలోన' అని రాసింది. సరిగ్గా 'కో' దగ్గర డప్పు దెబ్బ పడుతోంది. గొంతు ముట్టుకోకుండా డప్పులో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 డీబీ తగ్గించి, ఈసారి వాళ్ళ తమ్ముడికి వినిపించాను. 'కోటలోన' అనే రాశాడు. ఆ మార్పుని డప్పు చెయిన్‌లో సేవ్ చెయ్యలేదు, అది ఆ పాటకి మాత్రమే.